చిన్న టచ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్: డెస్క్‌టాప్‌ను వేలికి అందేలా మలచుకోవడం ఎలా?

విండో మూద్దామని మూలనున్న గుర్తు మీద వేలు పెడతాను. అది మూసుకోదు, పక్క గుర్తు నొక్కుకుని విండో కాస్తా కిందికి దిగిపోతుంది. మళ్లీ ప్రయత్నిస్తే వెనకున్న బ్రౌజర్‌లో ఏదో లింకు తెరుచుకుంటుంది. పది అంగుళాల టచ్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న మొదటి వారమంతా నాకు ఇదే తంతు. లినక్స్‌కు టచ్ రాక కాదు. డెస్క్‌టాప్‌లో చాలా భాగాలను మౌస్‌ను దృష్టిలో పెట్టుకుని గీశారు. మౌస్ బాణం మొన ఒక్క పిక్సెల్. మన వేలి కొన దాదాపు ఒక సెంటీమీటరు.

అయితే అన్నిటినీ పెద్దవి చేసేస్తే సరిపోదా అంటే, అక్కడే వస్తుంది చిక్కు. బటన్లు వేలికి సరిపడేంత పెంచితే తెర మీద చోటు మిగలదు. చోటు కోసం కుదిస్తే వేలికి అందవు. నాలుగైదు నెలలు అటూ ఇటూ మార్చి చూశాక నాకు కుదిరిన పద్ధతి ఒకటే: దేన్నీ చిన్నది చేయను, అక్కర్లేనిదాన్ని దాచేస్తాను. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే సాగుతుంది.

ముందు స్కేలు పట్టుకుని కొలవండి

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు మీ తెర సాంద్రత తెలుసుకోవాలి. అంటే అంగుళానికి ఎన్ని పిక్సెల్‌లు ఉన్నాయన్నది. అడ్డం, నిలువు పిక్సెల్‌ల వర్గాలు కూడి, వర్గమూలం తీసి, తెర మూలకు మూల కొలతతో భాగించండి. 1280×800 ఉన్న 10.1 అంగుళాల తెరకు దాదాపు 149 వస్తుంది. 1366×768 ఉన్న 11.6 అంగుళాల తెరకు 135. అదే 10.1 అంగుళాల్లో 1920×1200 ఉంటే 224.

ఈ అంకెతో ఏం పని? గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లోని యాప్‌ల పైపట్టీ సుమారు 46 పిక్సెల్‌ల ఎత్తుంటుంది. 149 సాంద్రత ఉన్న తెర మీద అది దాదాపు 8 మిల్లీమీటర్లు, వేలికి బొటాబొటిగా సరిపోతుంది. 224 ఉన్న తెర మీద అదే పట్టీ 5 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే, అంటే పెంచకుండా వాడలేం. ఆండ్రాయిడ్ డిజైన్ నియమాల్లో తాకే బటన్‌కు 48 యూనిట్లు ఉండాలంటారు, అది దాదాపు 9 మిల్లీమీటర్లు. నేనైతే 8 వచ్చినా సర్దుకుపోతాను.

పెన్‌డ్రైవ్ నుంచే ఒక గంట పరీక్ష

చిన్న టచ్ ల్యాప్‌టాప్‌లలో విడిభాగాలు కొంచెం విచిత్రంగా ఉంటాయి. కాబట్టి ఇన్‌స్టాల్ చేసే ముందు లైవ్ మోడ్‌లో నడిపి చూడటం తప్పనిసరి. టచ్ పనిచేస్తోందా, తెర తిప్పితే బొమ్మ తిరుగుతోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా, వైఫై, సౌండు ఉన్నాయా అన్నవి చూడండి. మేలుకున్నాక టచ్ ఇంకా పనిచేస్తోందో లేదో కూడా చూడాలి, చాలామంది దీన్ని మరిచిపోతారు.

ఇంటెల్ ఆటమ్ బే ట్రెయిల్ తరానికి చెందిన పాత యంత్రాల్లో ఒక తలనొప్పి ఉంది. ప్రాసెసర్ 64 బిట్‌లది, యంత్రాన్ని మేల్కొలిపే ఫర్మ్‌వేర్ (యూఈఎఫ్‌ఐ) మాత్రం 32 బిట్‌లది. మామూలు 64 బిట్ పెన్‌డ్రైవ్ పెడితే దాన్ని గుర్తించనే గుర్తించదు. డెబియన్ అనే డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం) ఇన్‌స్టాలర్ 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి ఈ మిశ్రమాన్ని అర్థం చేసుకుంటుంది కాబట్టి అలాంటి యంత్రానికి నేను నేరుగా దాన్నే ఎంచుకుంటాను.

టచ్ అసలు స్పందించకపోతే లోపల సిలీడ్ అనే రకం చిప్ ఉందేమో చూడండి. దానికి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి, లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో ఆ మోడల్ వివరాలు కూడా ఉండాలి. సర్ఫేస్ పరికరాలైతే లినక్స్-సర్ఫేస్ ప్రాజెక్టు వాళ్లు విడిగా తయారుచేసే కెర్నెల్ ఉంది. చాలా మోడళ్లలో టచ్, పెన్ను దాంతోనే దారికొస్తాయి.

స్పందిస్తూ తప్పు చోట తగులుతుంటే అది చిన్న సమస్యే. దాని సంగతి తెర తిప్పే భాగంలో చెబుతాను.

ఏ డెస్క్‌టాప్?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ర్యామ్ 4 జీబీ అంతకన్నా ఎక్కువ ఉంటే గ్నోమ్ గానీ కేడీఈ ప్లాస్మా గానీ. టచ్ కోసం గట్టిగా పనిచేసినవి ఈ రెండే. 2021లో గ్నోమ్ 40 వచ్చినప్పటి నుంచి మూడు వేళ్ల సైగలు దాని నడకలోనే కలిసిపోయాయి. కొత్త గ్నోమ్ యాప్‌లు కిటికీ ఇరుకైతే తమంతట తాము సర్దుకుంటాయి, పక్కపట్టీ మాయమై ఒకే వరుస మిగులుతుంది. చిన్న తెరకు అంతకన్నా ఏం కావాలి! ప్లాస్మాలో మార్చుకోగలిగినవి చాలా ఎక్కువ, స్కేలింగ్ మీద పట్టు కూడా ఎక్కువ. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6 నుంచి వేలాండ్ దానికి డిఫాల్టు.

ఆ వేలాండ్ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. తెర మీద బొమ్మ చూపి, టచ్‌ను యాప్‌లకు అందించే కొత్త పద్ధతి అది, పాతది ఎక్స్11. పాత ఎక్స్11 సెషన్‌లో టచ్ చాలా చోట్ల మౌస్ వేషం వేసుకుని వస్తుంది. పేజీ మీద వేలు పెట్టి జరిపితే స్క్రోల్ అయ్యే బదులు అక్షరాలు సెలెక్ట్ అవుతాయి. వేలాండ్‌లో ఈ బాధ చాలావరకు ఉండదు. లాగిన్ తెర మీద పళ్ల చక్రం గుర్తు నొక్కి మీరు ఏ సెషన్‌లో ఉన్నారో చూసుకోండి. టచ్ ల్యాప్‌టాప్‌లో ఎక్స్11 వాడటానికి గట్టి కారణం ఏదైనా ఉంటే తప్ప వేలాండే వాడండి.

2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రమైతే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వైపు చూడాల్సి వస్తుంది. అందులో విండో మేనేజర్ స్టైల్స్‌లోకి వెళ్లి డిఫాల్ట్-హెచ్‌డీపీఐ లేదా డిఫాల్ట్-ఎక్స్‌హెచ్‌డీపీఐ థీమ్ పెడితే టైటిల్ బార్ బటన్లు వేలికి సరిపడేంత పెద్దవవుతాయి. మిగతాదంతా ఓపికను బట్టి. ర్యామ్‌లోని సమాచారాన్ని కుదించి దాచే జడ్‌ర్యామ్ పెట్టుకుంటే కాస్త ఊపిరాడుతుంది. ఫెడోరాలో అది 33వ వెర్షన్ నుంచి ఎలాగూ డిఫాల్టుగా వస్తోంది.

స్కేలింగ్: సగం పని ఇక్కడే

స్కేలింగ్ రెండు రకాలు. మొత్తం తెరను పెంచేది ఒకటి, అక్షరాలను మాత్రమే పెంచేది ఇంకొకటి. ఈ తేడా పట్టించుకోకుండా అందరూ మొదటిదానితో మొదలుపెట్టి, చోటు చాలక విసిగిపోతారు. నేనూ అంతే.

లెక్క చూడండి. 1280×800 తెరకు 125 శాతం పెడితే యాప్‌లకు మిగిలేది 1024×640. 150 శాతం పెడితే 853×533. పాత యాప్‌లలో చాలా డైలాగ్ పెట్టెలు 600 పిక్సెల్‌ల ఎత్తు దాటుతాయి. అంటే 150 దగ్గర ఓకే బటన్ తెర కిందికి జారిపోతుంది. 200 శాతం ఎంపిక గ్నోమ్‌లో కనబడకపోతే కంగారుపడకండి, మరీ ఇరుకైపోయే స్కేల్‌ను అది జాబితాలోనే పెట్టదు. అదే 1920×1200 తెరకు 150 శాతం పెట్టినా 1280×800 మిగులుతుంది, హాయిగా ఉంటుంది.

నేను చేసే వరుస ఇది.

1. సాంద్రత 150 లోపు ఉంటే తెర స్కేల్‌ను 100 దగ్గరే వదిలేసి అక్షరాలను మాత్రం పెంచండి. గ్నోమ్ ట్వీక్స్ అనే యాప్ వేసుకుని, ఫాంట్స్‌లో స్కేలింగ్ ఫ్యాక్టర్‌ను 1.15తో మొదలుపెట్టి 1.25 దాకా చూడండి. అక్షరం పెరిగితే మెనూ వరుసలు, బటన్లు కూడా దాంతోపాటే ఎత్తు పెరుగుతాయి. బొమ్మలు, ఖాళీ అంచులు మాత్రం అలాగే ఉంటాయి. అంటే వేలికి కావాల్సింది దొరికింది, చోటు పెద్దగా పోలేదు.

2. సాంద్రత 200 పైన ఉంటే తెర స్కేల్ తప్పదు. 150, 175, 200 మూడూ వరుసగా పెట్టి, ఒక్కోదాన్నీ అరగంట వాడి చూడండి. ఉబుంటులో సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేస్‌లో ఫ్రాక్షనల్ స్కేలింగ్ అనే మీట ఉంటుంది. మధ్య అంకెలు కనబడని గ్నోమ్‌లో లోపలి సెట్టింగులు మార్చే డీకాన్ఫ్ ఎడిటర్ తెరిచి ఆర్గ్, గ్నోమ్, మట్టర్ అనే వరుసలో వెళ్లి, ఎక్స్‌పెరిమెంటల్ ఫీచర్స్ జాబితాలో స్కేల్-మానిటర్-ఫ్రేమ్‌బఫర్ అన్న పదాన్ని చేర్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ప్లాస్మాలో ఈ గొడవ లేదు, డిస్‌ప్లే సెట్టింగుల్లో స్లైడరే ఉంది.

3. స్కేల్ మార్చాక కొన్ని యాప్‌లు మసకగా కనబడితే అవి ఇంకా ఎక్స్11 భాషే మాట్లాడుతున్నాయని అర్థం. ప్లాస్మాలో స్కేల్ స్లైడర్ దగ్గరే లెగసీ అప్లికేషన్స్ అనే ఎంపిక ఉంది. దాన్ని యాప్‌లే స్కేల్ చేసుకునేలా పెడితే చాలావరకు తేటపడతాయి. క్రోమియం కుటుంబపు బ్రౌజర్ పాత వెర్షన్‌లో మసక కనిపిస్తే, ఫ్లాగ్స్ పేజీలో ఓజోన్ ప్లాట్‌ఫాం అని వెతికి ఆటో గానీ వేలాండ్ గానీ ఎంచుకోండి.

ఎంత సర్దినా ఏదో ఒక డైలాగ్ తెర దాటిపోతూనే ఉంటుంది. అప్పుడు సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ) నొక్కి పట్టుకుని విండోను ఎక్కడైనా పట్టి పైకి లాగితే కింద దాగిన బటన్ బయటపడుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ పనికి ఆల్ట్ కీ. ఇది తెలియక నేను ఒక ఇన్‌స్టాలర్‌ను మూడుసార్లు మధ్యలో వదిలేశాను.

నిలువు చోటును కాపాడుకోవడం

వెడల్పు తెరల్లో కరువు ఎప్పుడూ నిలువుకే. పై పట్టీ, యాప్ టైటిల్, ట్యాబుల వరుస, అడ్రస్ పెట్టె, కింద టాస్క్‌బార్ అన్నీ కలిసి 768 పిక్సెల్‌లలో అవలీలగా 200 మింగేస్తాయి.

ప్లాస్మాలో కింది ప్యానెల్‌ను ఎడమ అంచుకు మార్చడం నేను చేసే మొదటి పని. ప్యానెల్ మీద ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి, స్థానం ఎడమకు, కనబడే తీరు ఆటో హైడ్‌కు పెట్టాలి. వెడల్పు తగ్గించకండి, వేలు పట్టాలి కదా. దాగి ఉంటుంది కాబట్టి అది ఎంత లావుంటే మనకేం?

గ్నోమ్‌లో డాక్ (యాప్ గుర్తుల పట్టీ) ఎలాగూ తెరిచిన విండోలన్నీ ఒక్కసారి చూపే ఓవర్‌వ్యూలోనే ఉంటుంది. ఉబుంటు మాత్రం దాన్ని ఎడమ పక్కన శాశ్వతంగా నిలబెడుతుంది. సెట్టింగ్స్‌లో ఉబుంటు డెస్క్‌టాప్ అన్న చోట ఆటో హైడ్ పెట్టేయండి. పై పట్టీని కూడా దాచాలనుకుంటే హైడ్ టాప్ బార్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. ఎక్స్‌టెన్షన్ మేనేజర్ యాప్‌లో పేరు వెతికితే దొరుకుతుంది. నేను కొన్నాళ్లు వాడి తీసేశాను. బ్యాటరీ ఎంతుందో చూడాలంటే ప్రతిసారీ ఒక స్వైప్ చేయాల్సి వస్తే ఆ ఆదా నాకు గిట్టుబాటు కాలేదు.

పని చేసేటప్పుడు ప్రతి యాప్‌నూ పూర్తి తెరలో, ఒక్కో వర్క్‌స్పేస్‌లో ఒక్కటి చొప్పున పెట్టుకోవడం అలవాటు చేసుకుంటే విండోలను సర్దే పనే తప్పుతుంది. విండో అంచు పట్టుకుని సైజు మార్చడం వేలితో చేసే పని కాదు.

తెర మీది కీబోర్డు

కీబోర్డు విడదీసే రకం, లేదా వెనక్కి మడిచే రకం ల్యాప్‌టాప్ అయితే రోజంతా తగిలేది ఇదే. కాబట్టి కాస్త ఓపిగ్గా చేయండి.

గ్నోమ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టైపింగ్ వరుసలో స్క్రీన్ కీబోర్డును ఆన్ చేయండి. ఆ తర్వాత తెర కింది అంచు నుంచి పైకి వేలు జరిపితే కీబోర్డు లేస్తుంది. ఏదైనా యాప్‌లో రాసే పెట్టెను తాకినా అది రాకపోతే ఈ సైగే ఆధారం. క్రోమియం ఆధారంగా నడిచే యాప్‌లలో, పాత ఎక్స్11 యాప్‌లలో తరచూ అవసరమవుతుంది.

దాని లోటు ఏమిటంటే, టెర్మినల్ బయట కంట్రోల్, ఎస్కేప్, బాణం కీలు సరిగా దొరకవు. కాపీ, పేస్టు చేసుకోవడం నరకం. జీజేఎస్ ఓఎస్‌కే అనే ఎక్స్‌టెన్షన్ పూర్తి కీబోర్డును ఇస్తుంది. రాత పని ఉన్నవాళ్లకు నేను దాన్నే చెబుతాను.

ప్లాస్మాలో కీబోర్డు దానంతట అది రాదు. మాలిట్ కీబోర్డు ప్యాకేజీ వేసుకుని, సిస్టమ్ సెట్టింగ్స్‌లోని వర్చువల్ కీబోర్డు పేజీలో దాన్ని ఎంచుకోవాలి. ఎక్స్11లో ఉండక తప్పనివాళ్లకు ఆన్‌బోర్డ్ ఇప్పటికీ మంచిదే. రంగు, సైజు, పారదర్శకత అన్నీ మార్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు హెచ్చరిక. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు ఎన్‌క్రిప్షన్‌కు టిక్కు పెట్టారనుకోండి. బూట్ అవుతూనే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ సమయానికి డెస్క్‌టాప్ ఇంకా మొదలే కాదు కాబట్టి సాధారణంగా తెర మీద కీబోర్డు ఉండదు. విడదీసిన కీబోర్డు మరో ఊళ్లో ఉంటే ల్యాప్‌టాప్ పలకతో సమానం. ఈ చిక్కు కోసమే ఫోన్ల కోసం లినక్స్ తయారుచేసే పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వాళ్లు అన్‌లాకర్ అనే చిన్న కీబోర్డు ప్రోగ్రాం తయారుచేశారు. దాన్ని పెట్టుకునే ఓపిక లేకపోతే సంచిలో ఒక యూఎస్‌బీ కీబోర్డు ఉంచుకోండి. ఎన్‌క్రిప్షన్ మానేయమని మాత్రం చెప్పను, చేతిలో పట్టుకు తిరిగే వస్తువు ఎప్పుడైనా పోవచ్చు.

తెర తిప్పితే తిరగాలి

బొమ్మ తిరగడానికి ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ అనే సేవ కావాలి. చాలా డిస్ట్రోలలో ముందే ఉంటుంది. టెర్మినల్‌లో మానిటర్-సెన్సర్ కమాండ్ నడిపి ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ వంచండి. నార్మల్, లెఫ్ట్-అప్, రైట్-అప్ అంటూ మాటలు మారుతుంటే సెన్సర్ బతికే ఉందన్నమాట.

మాటలు మారుతున్నా బొమ్మ కదలకపోతే ట్యాబ్లెట్ మోడ్ సంగతి చూడాలి. గ్నోమ్‌లో చాలా ల్యాప్‌టాప్‌లకు ఆటో రొటేట్ బటన్ ట్యాబ్లెట్ మోడ్‌లోకి వెళ్లాకే క్విక్ సెట్టింగ్స్‌లో కనబడుతుంది. ప్లాస్మాలో డిస్‌ప్లే సెట్టింగుల్లో ఓరియంటేషన్ ఆటోమేటిక్ పెట్టి, ట్యాబ్లెట్ మోడ్‌లో మాత్రమే అన్న టిక్కు తీసేస్తే ఎప్పుడైనా తిరుగుతుంది.

మడిచినప్పుడు యంత్రం ఆ సంగతి చెబుతోందా అన్నది తేల్చుకోవడానికి టచ్, కీబోర్డుల సంగతి చూసే లిబ్‌ఇన్‌పుట్ తాలూకు టూల్స్ ప్యాకేజీ వేసుకోండి. ఫెడోరాలో దాని పేరు లిబ్‌ఇన్‌పుట్ యుటిల్స్. అందులోని డీబగ్-ఈవెంట్స్‌ను సుడో (అడ్మిన్) అధికారంతో నడిపి తెరను వెనక్కి మడవండి. ట్యాబ్లెట్-మోడ్ స్టేట్ 1 అన్న వరుస వస్తే అంతా క్షేమం. అప్పుడు లోపలి కీబోర్డు, టచ్‌ప్యాడ్‌లను లిబ్‌ఇన్‌పుట్ తనే ఆపేస్తుంది, మడిచి పట్టుకున్నప్పుడు వెనక వేళ్లకు కీలు నొక్కుకోవు. ఆ వరుస రాకపోతే కెర్నెల్ డ్రైవర్ మీ మోడల్‌ను గుర్తించలేదన్నమాట. కొత్త కెర్నెల్‌తో ఒకసారి ప్రయత్నించండి.

తిరగాల్సిన వైపు కాక మరో వైపు తిరిగితే సెన్సర్‌ను లోపల వంకరగా బిగించారన్నమాట. దానికి మందు హార్డ్‌వేర్ డేటాబేస్‌లో రాసే యాక్సెల్ మౌంట్ మ్యాట్రిక్స్. మామూలు విలువ 1, 0, 0; 0, 1, 0; 0, 0, 1. పూర్తిగా తలకిందులైతే మొదటి రెండు 1లనూ మైనస్ 1 చేయాలి. కుడి ఎడమలు మాత్రమే తారుమారైతే మొదటి 1 ఒక్కదాన్ని మార్చాలి. మార్చాక డేటాబేస్‌ను మళ్లీ కట్టించి, విడిభాగాలను గుర్తించే యూడెవ్‌ను ట్రిగ్గర్ చేసి, రీబూట్ చేస్తే సరిపోతుంది.

బొమ్మ సరిగ్గానే ఉండి వేలు పెట్టిన చోట కాక మరోచోట తగులుతుంటే అది టచ్ అక్షాల సమస్య. యూడెవ్ నియమంలో లిబ్‌ఇన్‌పుట్ కాలిబ్రేషన్ మ్యాట్రిక్స్ అనే లక్షణానికి ఆరు అంకెలు ఇవ్వాలి. సవ్యదిశలో 90 డిగ్రీలకు 0 -1 1 1 0 0. 180 డిగ్రీలకు -1 0 1 0 -1 1. 270 డిగ్రీలకు 0 1 0 -1 0 1. మూడూ ఒక్కొక్కటిగా పెట్టి చూడటమే, ఏదో ఒకటి తగులుతుంది.

కొన్ని చిన్న యంత్రాల్లో ఫోను తెరనే పక్కకు తిప్పి బిగిస్తారు. డెస్క్‌టాప్ సరిగ్గా ఉన్నా బూట్ మెనూ, కెర్నెల్ అక్షరాలు పక్కకు పడుకుని కనబడతాయి. కెర్నెల్ అక్షరాలకు బూట్ ఆప్షన్లలో ఎఫ్‌బీకాన్ రొటేట్ విలువ 1 గానీ 3 గానీ ఇస్తే లేచి కూర్చుంటాయి. గ్రబ్ అనే బూట్ మెనూ మాత్రం అలాగే పడుకుని ఉంటుంది. నేను దాని కోసం మెడ వంచడం అలవాటు చేసుకున్నాను.

సైగలు

గ్నోమ్‌లో నేర్చుకోవాల్సినవి తక్కువే. తెర మీద మూడు వేళ్లు పెట్టి పైకి జరిపితే ఓవర్‌వ్యూ, పక్కకు జరిపితే పక్క వర్క్‌స్పేస్. పై అంచు మధ్య నుంచి కిందికి లాగితే నోటిఫికేషన్లు. పది అంగుళాల తెర మీద మూడు వేళ్లు ఇరుకనిపిస్తాయి గానీ వారంలో చేతికి వచ్చేస్తుంది.

ప్లాస్మాలో అంచులను మీరే పంచుకోవచ్చు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో టచ్‌స్క్రీన్ సైగల పేజీ తెరిస్తే తెర బొమ్మ, దాని నాలుగు అంచుల మీద గుర్తులు కనబడతాయి. నా పంపకం: ఎడమ అంచు ఓవర్‌వ్యూకు, కుడి అంచు డెస్క్‌టాప్ చూపడానికి, పై అంచుకు ఏమీ లేదు. పై అంచు ఖాళీ ఎందుకంటే, బ్రౌజర్ ట్యాబులు తాకబోయి అంచు సైగ తగలడం నాకు రోజుకు పదిసార్లు జరిగింది. ప్యానెల్ దాగిన అంచుకు కూడా మరో పని అప్పగించకండి, రెండూ కొట్టుకుంటాయి.

ఎక్స్11లో ఉన్నవాళ్లకు టచ్‌ఎగ్ అనే ప్రోగ్రాం ఉంది. టచే అనే యాప్‌తో దాని సైగలను బొమ్మల మీదే కేటాయించుకోవచ్చు.

యాప్‌ల లోపల

ఫైర్‌ఫాక్స్‌లో టూల్‌బార్ మీద కస్టమైజ్ తెరిచి, కింద డెన్సిటీలో టచ్ ఎంచుకోండి. ట్యాబులు, బటన్లు వేలి సైజుకు వస్తాయి. 2023 డిసెంబరులో వచ్చిన 121వ వెర్షన్ నుంచి అది వేలాండ్‌లో నేరుగా నడుస్తుంది కాబట్టి వేలితో స్క్రోల్, రెండు వేళ్ల జూమ్ వాటంతట అవే పనిచేస్తాయి. ఎక్స్11లో అయితే ఎన్విరాన్‌మెంట్‌లో మోజ్ యూజ్ ఎక్స్‌ఇన్‌పుట్2 విలువ 1 పెట్టాల్సి రావచ్చు. టచ్ డెన్సిటీతో కొంత ఎత్తు పోతుంది. దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి బుక్‌మార్కుల పట్టీని దాచేయండి.

ఫైళ్ల యాప్‌లో ఒక్క ట్యాప్‌తో తెరుచుకునేలా మార్చండి. గ్నోమ్ ఫైల్స్‌లో ప్రిఫరెన్సెస్‌లో, ప్లాస్మాలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఈ ఎంపిక ఉంది. ప్లాస్మా 6లో డిఫాల్టు రెండు క్లిక్‌లకు మారింది, వేలితో రెండుసార్లు ఒకే చోట కొట్టడం విసుగు. అయితే ఒక్క ట్యాప్ పెడితే ఫైలును ఎంచుకోవడం ఎలా అంటారా? ప్లాస్మా ఫైళ్ల యాప్ డాల్ఫిన్‌లో సెలెక్షన్ మోడ్ ఉంది, అందులోకి వెళ్లాక ప్రతి ట్యాప్ ఎంపికే.

రైట్ క్లిక్‌కు బదులు వేలు అలాగే కాసేపు నొక్కి ఉంచడం గ్నోమ్ యాప్‌లలో, ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తుంది. పాత యాప్‌లలో పనిచేయకపోవచ్చు, అక్కడ టచ్‌ప్యాడే గతి. బాణం పైన నిలిపితేనే తెరుచుకునే మెనూలూ అంతే, వేలికి నిలపడం అన్నదే లేదు మరి.

లిబ్రెఆఫీస్‌లో వ్యూ మెనూలోని యూజర్ ఇంటర్‌ఫేస్ దగ్గర సింగిల్ టూల్‌బార్ ఎంచుకుని, ఆప్షన్లలో ఐకాన్ సైజు లార్జ్ పెట్టండి. రెండు సన్నటి వరుసల కంటే ఒక లావైన వరుస నయం.

పెన్ను ఉన్న తెరైతే చేతిరాతకు జర్నల్++ గానీ ఆర్‌నోట్ గానీ. పెన్ను తెరకు దగ్గరగా ఉన్నంతసేపు వేలి తాకిడిని లిబ్‌ఇన్‌పుట్ పక్కన పెడుతుంది. కానీ పెన్ను ఎత్తిన మరుక్షణం అరచేయి గీతలు పడొచ్చు. జర్నల్++ సెట్టింగుల్లో టచ్‌తో గీయడాన్ని ఆపేస్తే ఆ బెడద ఉండదు. వేళ్లు పేజీ జరపడానికి, పెన్ను రాయడానికి అని విడిపోతాయి.

లాగిన్ తెర, ఆ తర్వాత దాచిపెట్టుకోవడం

అంతా అయ్యాక రీబూట్ చేస్తే లాగిన్ తెర మళ్లీ చీమంత అక్షరాలతో పలకరిస్తుంది. అది వేరే యూజర్ కింద నడుస్తుంది, మీ సెట్టింగులు దానికి తెలియవు. ప్లాస్మాలో లాగిన్ స్క్రీన్ పేజీలో అప్లై ప్లాస్మా సెట్టింగ్స్ నొక్కితే చాలావరకు అయిపోతుంది. తెర మీది కీబోర్డు కావాలంటే లాగిన్ తెరను నడిపే ఎస్‌డీడీఎం కాన్ఫిగ్ ఫైలులో ఇన్‌పుట్ మెథడ్‌కు క్యూటీవర్చువల్‌కీబోర్డ్ అని ఇవ్వాలి. గ్నోమ్‌లో మీ హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్ నుంచి మానిటర్స్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును అక్కడి లాగిన్ తెరను నడిపే జీడీఎం యూజర్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, యాజమాన్యాన్ని జీడీఎం పేరు మీదకు మార్చాలి. ఆ ఫోల్డర్ ఉండే చోటు డిస్ట్రోను, వెర్షన్‌ను బట్టి మారుతుంది కాబట్టి కాపీ చేసే ముందు మీ డిస్ట్రో డాక్యుమెంటేషన్ ఒకసారి చూసుకోండి. లాగిన్ తెర పై పట్టీలో ఉండే యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కితే స్క్రీన్ కీబోర్డు అక్కడికక్కడే ఆన్ అవుతుంది.

ఇంత కష్టపడ్డాక దాన్ని పోగొట్టుకోకండి. గ్నోమ్‌లో డీకాన్ఫ్ డంప్ కమాండ్‌తో మొత్తం సెట్టింగులు ఒక టెక్స్ట్ ఫైలుగా దిగుతాయి, డీకాన్ఫ్ లోడ్‌తో మళ్లీ ఎక్కుతాయి. ప్లాస్మాలో హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌ను పూర్తిగా కాపీ చేసి పెట్టుకుంటే చాలు. చేత్తో రాసిన యూడెవ్ నియమం, సెన్సర్ మ్యాట్రిక్స్, బూట్ ఆప్షన్ల వరుస వీటిలో ఉండవు. అవి సిస్టమ్ ఫోల్డర్లలో ఉంటాయి కనుక విడిగా కాపీ తీయండి. నేను మొదటిసారి తీయలేదు, కొత్త డిస్ట్రో వేసుకున్న రోజు ఆ ఆరు అంకెలను మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నాను.

గ్నోమ్ కొత్త వెర్షన్‌కు వెళ్లే ముందు రోజు ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి వెళ్లండి. అప్‌గ్రేడ్ అయ్యాక ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి, కీబోర్డు ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెట్టి.